రెండద్దాల కిటికీ: మన ఎండల్లో దాని లెక్క

హైదరాబాద్‌లో ముప్ఫై, నలభై ఏళ్ల కిందట కట్టిన ఇళ్లలో ఇప్పుడు కిటికీల వంతు వచ్చింది. చెక్క రెక్కలు వానాకాలంలో ఉబ్బి మూతపడవు, ఎండాకాలంలో సందులు విడుస్తాయి. మడతబందులు తుప్పు పట్టాయి. అద్దాన్ని పట్టి ఉంచే లప్పం పెచ్చులుగా రాలిపోయింది. లారీ పోతే చాలు, అద్దం టకటకలాడుతుంది. పైగా ఒకప్పుడు ఇంటి ముందున్న గల్లీ ఇప్పుడు ఊరందరి షార్ట్‌కట్. ఇలాంటి ఇంటివాళ్లు కిటికీల షాపు మెట్లెక్కితే వినిపించే మాట దాదాపు ఒకటే. "యూపీవీసీ పెట్టించండి సార్, డబుల్ గ్లేజింగ్ వేయించండి. వేడి రాదు, సౌండ్ రాదు, కరెంటు బిల్లు సగం."

మూడు హామీలకూ కలిపి ఒకే ధర చెప్తారు. ఇంటికి చేరేది మాత్రం మూడూ ఒకే పాళ్లలో కాదు. కాబట్టి ఏ హామీ ఎంత నిజమో విడివిడిగా తేల్చుకోవాలి.

ముందు వస్తువు సంగతి. యూపీవీసీ అంటే గట్టి ప్లాస్టిక్ చట్రం. రెండు అద్దాల మధ్య సాధారణంగా 12 మిల్లీమీటర్ల ఎడం ఉంచి, అంచుల వెంబడి బోలు అల్యూమినియం పట్టీ తిప్పి, గాలి చొరబడకుండా ఫ్యాక్టరీలో సీలు చేస్తే డబుల్ గ్లేజింగ్ యూనిట్ తయారవుతుంది. షాపు భాషలో డీజీయూ. ఆ పట్టీ లోపల తేమ పీల్చే చిన్న గుళికలు పోస్తారు. పట్టీకీ అద్దానికీ నడుమ బ్యూటైల్ పూత, దాని వెనక పాలీసల్ఫైడ్‌తోనో సిలికాన్‌తోనో రెండో సీలు. అద్దం తనంతట తాను వేడిని పెద్దగా ఆపలేదు. రెండు అద్దాల మధ్య చిక్కిన, కదలని పొడిగాలి ఆపుతుంది. కిటికీకి అటూ ఇటూ ఒక్క డిగ్రీ తేడా ఉన్నప్పుడు చదరపు మీటరు అద్దం గుండా ఎన్ని వాట్ల వేడి దాటుతుందో చెప్పే అంకెను యూ-విలువ అంటారు. మామూలు ఒంటి అద్దానికి అది 5.7 దాకా ఉంటుంది, రెండు సాదా అద్దాల యూనిట్‌కు 2.8 దాకా. అద్దం మీద లోహపు పలుచని పూత వేసి, గాలికి బదులు ఆర్గాన్ వాయువు నింపితే 1.2 దగ్గరికీ తేవచ్చు. 5.7 లో సగం 2.8. షాపువాళ్లు చెప్పే 'సగం' పుట్టింది ఇక్కడే. అద్దం గుండా దాటే వేడి సగమైతే ఇంటి బిల్లు కూడా సగమైపోతుందన్నది వాళ్లు కలుపుకున్న మాట.

ఈ కిటికీ పుట్టుక చలిదేశాల్లో. అమెరికాలో 1865లోనే థామస్ స్టెట్సన్ అనే ఆయన రెండద్దాల పలకకు పేటెంట్ తీసుకున్నాడు. సరకు మార్కెట్లోకి రావడానికి మరో డెబ్బై ఏళ్లు పట్టింది. థర్మోపేన్ పేరుతో లిబీ-ఓవెన్స్-ఫోర్డ్ కంపెనీ అమ్మింది. 1959లో ఇంగ్లండ్‌లో పిల్కింగ్టన్ కంపెనీ, కరిగిన తగరం మీద అద్దాన్ని తేల్చి తయారుచేసే పద్ధతిని ప్రకటించాక చదునైన, మచ్చలేని అద్దం చవకైంది. 1973 చమురు సంక్షోభం ఇంధనం ధర పెంచింది. ఈ రెండూ కలిసి బ్రిటన్‌లో డబుల్ గ్లేజింగ్‌ను ఇంటింటి వస్తువు చేశాయి. తలుపు తట్టి కిటికీలు అమ్మే సేల్స్‌మన్ అక్కడ జోకుల్లో పాత్ర అయిపోయాడు. 2002 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో పాత ఇంటి కిటికీ మార్చినా ప్రభుత్వ నిర్మాణ నిబంధనలు పాటించాల్సిందే. ఇంగ్లండ్‌లో 2022 జూన్ నుంచి మార్చే కిటికీ యూ-విలువ 1.4 మించకూడదు, లేదా కిటికీకి 'బి' రేటింగైనా ఉండాలి.

అక్కడ ఆ పట్టుదలకు అర్థముంది. లండన్ శివార్లలో ఇల్లు కొనుక్కున్న మన తెలుగువాళ్లెవరినైనా అడగండి, అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా హీటర్ ఆగదు. లోపల 20 డిగ్రీలు, బయట 5. ఈ తేడా రాత్రీ పగలూ, నెలల తరబడి ఒకే దిక్కుగా ఉంటుంది. నాలుగడుగుల వెడల్పు, అయిదడుగుల ఎత్తు కిటికీ ఒకదానికి లండన్ చలి ప్రకారం లెక్క కడితే, ఒంటి అద్దం తీసి నేటి మంచి యూనిట్ వేసినందుకు ఏడాదికి సుమారు 300 కరెంటు యూనిట్లకు సమానమైన వేడి మిగులుతుంది. అలా మిగిలేది కరెంటు కాదు, దానికంటే చవకైన గ్యాస్ కాబట్టి, డబ్బుగా చూస్తే అక్కడ కూడా కిటికీ ఖర్చు త్వరగా తిరిగిరాదు. అయినా జనం మారుస్తారు. కిటికీ పక్కన కూర్చుంటే వీపుకు చలి తగలదు, పొద్దున్నే అద్దం మీద నీళ్లు కారవు, గోడకు బూజు పట్టదు. అక్కడివాళ్లు కొనుక్కునేది ఎక్కువగా ఆ సుఖాన్నే.

బ్రిటన్ నేర్పిన ఇంకో పాఠం మనకు ఎక్కువ పనికొస్తుంది. చారిత్రక ఇళ్లలో పాత చెక్క కిటికీ తీయడానికి అనుమతి సులువుగా దొరకదు కాబట్టి, ఉన్నదాన్ని ఉంచుతూనే ఏం చేయొచ్చో కొలిచి చూడాల్సి వచ్చింది. 2008లో హిస్టారిక్ స్కాట్లండ్ అనే వారసత్వ కట్టడాల సంస్థ కోసం గ్లాస్గో కెలడోనియన్ యూనివర్సిటీలో ఒంటి అద్దం కిటికీ మీద పరీక్షలు చేశారు. మందపాటి పరదా వేస్తే అద్దం గుండా పోయే వేడి 14 శాతం తగ్గింది. చెక్క తలుపులు మూస్తే 51 శాతం తగ్గింది. పాత కిటికీని కదపకుండా లోపలివైపు ఇంకో అద్దం చట్రం బిగిస్తే 63 శాతం తగ్గింది. చెక్క రెక్క మూస్తేనే సగం ఆగిందన్న మాట! మన పాత మండువా ఇళ్ల కిటికీలకు అద్దమే ఉండేది కాదు, నిండు చెక్క రెక్కలే.

ఇక మన ఊరికి వద్దాం. అదే నాలుగు బై అయిదు కిటికీ తీసుకుందాం. వైశాల్యం 1.86 చదరపు మీటర్లు. మే నెల మధ్యాహ్నం బయట 41 డిగ్రీలు, ఏసీ గదిలో 26. తేడా 15. ఒంటి అద్దం గుండా గాలి వేడి వల్ల లోపలికి వచ్చేది దాదాపు 160 వాట్లు. రెండు సాదా అద్దాలైతే 80 వాట్లు. మిగిలింది 80 వాట్ల వేడి. దాన్ని బయటికి తోయడానికి ఏసీ తీసుకునే కరెంటు అందులో మూడో వంతే, పాతిక వాట్లు. రాత్రి పదింటికి బయట 30కి దిగితే తేడా నాలుగు డిగ్రీలే. అప్పుడు మిగిలే కరెంటు ఆరేడు వాట్లు, చిన్న ఎల్‌ఈడీ బల్బంత. మనలో చాలామంది ఏసీ వేసుకునేది ఆ రాత్రిపూటే.

ఉదారంగానే లెక్కేద్దాం. ఏడాదికి 120 రోజులు, రోజుకు ఎనిమిది గంటలు, ప్రతి గంటా మే మధ్యాహ్నమే అనుకుందాం. ఒక కిటికీకి మిగిలేది 24 యూనిట్లు. యూనిట్ 9 రూపాయలు వేసుకున్నా ఏడాదికి రూ.216. చదరపు అడుగు వెయ్యి రూపాయల చొప్పున ఆ కిటికీకి అయ్యేది 20 వేలు. తిరిగిరావడానికి దగ్గరదగ్గర వందేళ్లు. "కిటికీ ఎలాగూ మార్చాల్సిందే కదా, రెండో అద్దానికి అదనంగా పడేదే లెక్కలోకి తీసుకోవాలి" అంటే అదీ న్యాయమే. అడుగుకు 300 అదనం అనుకుంటే 6 వేలు, సుమారు 28 ఏళ్లు. యూనిట్ సీలు అంతకాలం నిలుస్తుందని ఎవరూ కాగితం మీద రాసివ్వరు.

ఈ లెక్కలో నేను ఒక పెద్ద సంగతిని కావాలనే పక్కనపెట్టాను. అది ఎండ. ఇంగ్లండ్ కిటికీకి శత్రువు బయటి గాలి. మన కిటికీకి నేరుగా పడే ఎండ. పడమటి గోడ మీద సాయంత్రం నాలుగింటికి చదరపు మీటరుకు 600 వాట్ల ఎండ పడుతోందనుకోండి. మన కిటికీ మీద మొత్తం 1,100 వాట్ల పైమాటే. ఇందులో ఎంత వాటా వేడిగా గదిలోకి దిగుతుందో చెప్పే అంకె వేరే ఉంది, కేటలాగులో ఎస్‌హెచ్‌జీసీ అని ఉంటుంది. సాదా ఒంటి అద్దానికి అది 0.85 దాకా. లోపలికి వచ్చేది 950 వాట్లు. రెండు సాదా అద్దాలు వేస్తే 0.72 కి దిగుతుంది. అప్పటికీ 800 వాట్లు లోపలికి వస్తూనే ఉంటాయి. గది మధ్యలో చిన్న రూమ్ హీటర్ పెట్టుకుని ఏసీ వేసుకున్నట్టే. సోలార్ కంట్రోల్ పూత ఉన్న యూనిట్ అయితే 0.3 దాకా తేవచ్చు, 335 వాట్లు. అదే సాదా ఒంటి అద్దానికి బయటివైపు దట్టమైన వెదురు తెర దించితే, అల్లికను బట్టి ముప్పాతిక వంతు దాకా ఎండ అక్కడే ఆగిపోతుంది. మిగిలేది 240. తెర ఖరీదు ఎంతో పాఠకులకు తెలుసు.

బయటివైపు అన్న మాట ముఖ్యం. లోపలి కర్టెన్ ఎండను ఆపేసరికే అది అద్దం దాటి గదిలోకి వచ్చేసి ఉంటుంది. కర్టెన్ కాగి, ఆ వేడిని గదికే ఇస్తుంది. వెనకటి ఇళ్లలో తడకలు, వట్టివేళ్ల తెరలు కిటికీ బయట వేలాడింది ఊరికే కాదు. అపార్ట్‌మెంట్ ఆరో అంతస్తులో గాలికి తెర నిలవదన్న మాట నిజమే. అక్కడ రెండు పక్కలా తీగ కట్టి జారే బయటి బ్లైండ్లు, లేదంటే పూత అద్దమే గతి.

ఏ కిటికీకి ఖర్చు పెట్టాలన్నది దిక్కు తేలుస్తుంది. హైదరాబాద్ ఉన్నది 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. మే రెండో వారంలోనూ, మళ్లీ ఆగస్టు మొదటి వారంలోనూ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ మధ్య కాలంలో కాస్త ఉత్తరానికి జరుగుతాడు. అందువల్ల మండే వేసవిలో దక్షిణపు కిటికీ మీద నేరుగా ఎండ పడటం చాలా తక్కువ, పడినా రెండడుగుల సజ్జ ఆపేస్తుంది. దక్షిణానికి ఎండ దిగేది చలికాలంలో, అప్పుడది హాయే. బాధంతా తూర్పు, పడమర కిటికీలది. నాలుగింటి ఎండ సజ్జ కిందుగా దూరి మంచం మీదికి వస్తుంది. ఇంటికి పది కిటికీలుంటే పదింటికీ ఒకే అద్దం కొటేషన్ ఇచ్చే షాపు మీ ఇంటి దిక్కులు చూడలేదన్నట్టే. పడమటి రెండు కిటికీలకు మంచి పూత అద్దం వేయించి, తక్కిన ఎనిమిదింటిని బాగుచేయించుకుంటే ఆ డబ్బుకే ఎక్కువ చల్లదనం దొరుకుతుంది.

పై అంతస్తువాళ్లకు ఇంకో మాట. మీ గదిని కాల్చేది కిటికీకంటే ముందు స్లాబు. పొద్దంతా నిట్టనిలువు ఎండ తాగి, రాత్రి పన్నెండు దాకా దాన్ని కిందికి వదులుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా అందుకే. డాబా మీద తెల్లటి పూతో, తెల్ల పెంకో వేయించకుండా కిటికీలకు లక్ష పెట్టడం కుండకు చిల్లుండగా మూత మార్చడం.

వేడి సంగతి ఇలా ఉండగా, గాలి సంగతి ఎవరూ ఎత్తరు. పాత కిటికీలో రెక్కలు రెండూ తీస్తే దాదాపు మొత్తం కిటికీ తెరుచుకుంటుంది. దాని స్థానంలో వచ్చే యూపీవీసీ కిటికీ ఎక్కువ ఇళ్లలో జరిపే రకం. ఎంత జరిపినా సగమే తెరుచుకుంటుంది. ఇళ్ల కోసం 2018లో కేంద్రం తెచ్చిన ఎకో నివాస్ సంహితలో ఈ తేడాకు అంకెలున్నాయి. రెక్కల కిటికీకి 90 శాతం, రెండు పలకల స్లైడింగ్‌కు 50 శాతం, మూడు పలకలదానికి 67 శాతం తెరుచుకునే భాగంగా లెక్కిస్తారు. విశాఖలాంటి ఉక్కపోత ప్రాంతంలో ఇంటి లోపలి వైశాల్యంలో ఆరో వంతు కిటికీ తెరుచుకోవాలంటుంది, హైదరాబాద్‌లాంటి చోట ఎనిమిదో వంతు. ఆ సంహిత పెద్ద స్థలాల్లో కట్టే కొత్త భవనాలకే. అయినా కొలబద్ద మంచిది. ఏడాదిలో ఏసీ వేసే రోజులకంటే ఫ్యాన్ కింద కిటికీ తీసుకుని పడుకునే రోజులే ఎక్కువ ఉన్న ఇంటికి, స్లైడింగ్ పెట్టించి గాలిని సగానికి కోసుకోవడం అసలుకే ఎసరు. ఎయిర్ కూలర్ వాడే ఇంట్లోనైతే కిటికీ మూయడమే తప్పు. తడిగాలి బయటికి పోయే దారి లేకపోతే కూలర్ ఉక్క పెంచుతుందే కానీ చల్లబరచదు.

ఇప్పుడు శబ్దం. కరెంటు బిల్లు చూసి కాకుండా హారన్ల బాధ పడలేక కిటికీలు మార్చేవాళ్లే మన ఊళ్లలో ఎక్కువని నా అంచనా. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి నిబంధనలు చెప్తాయి. మెయిన్ రోడ్డు పక్క ఇంట్లో ఆ అంకెలు చదివితే నవ్వొస్తుంది. రెండద్దాలు వేస్తే చప్పుడు సగమవుతుందనుకోవడం సహజం. పేచీ ఏమిటంటే, ఆరు మిల్లీమీటర్ల అద్దం, పన్నెండు ఎడం, మళ్లీ ఆరు అద్దం ఉన్న మామూలు యూనిట్, ఒక్క ఆరు మిల్లీమీటర్ల అద్దంకంటే రెండు డెసిబెల్స్‌కు మించి పెద్దగా మేలు చేయదు. చెవికి చప్పుడు సగమైనట్టు తోచాలంటే పది డెసిబెల్స్ తగ్గాలి. రెండు అద్దాలూ, మధ్య గాలీ కలిసి 200 హెర్ట్జ్ దగ్గర తామే ఊగడం మొదలుపెడతాయి. లారీ ఇంజను, బస్సు గుడగుడ ఆ చుట్టుపక్కలే ఉంటాయి. అందుకే డబుల్ గ్లేజింగ్ వేయించుకున్న ఇళ్లలో హారన్ కీచుదనం తగ్గినా లారీ మోత తగ్గలేదని చెప్పుకుంటారు. అది వాళ్ల భ్రమ కాదు.

చప్పుడు ఆగాలంటే మూడు ఉపాయాలు పనిచేస్తాయి. మొదటిది సందులు మూయడం. కిటికీ వైశాల్యంలో నూటికి ఒక వంతు సందు మిగిలినా, ఎంత గొప్ప అద్దం వేసినా మొత్తం కిటికీ 20 డెసిబెల్స్‌కు మించి ఆపలేదు. రెక్కకూ చట్రానికీ మధ్య పెన్సిల్ దూరే సందు ఉన్న పాత కిటికీలో సగం రోడ్డు అక్కణ్నుంచే వస్తుంది. యూపీవీసీ పెట్టించాక ఇల్లు నిశ్శబ్దమైందని మురిసేవాళ్లు చాలాసార్లు మెచ్చుకుంటున్నది రెండో అద్దాన్ని కాదు, రబ్బరు గ్యాస్కెట్‌ను. స్లైడింగ్‌లో ఆ బిగింపు రాదు, బ్రష్ పట్టీ మాత్రమే ఉంటుంది. రెక్కల కిటికీకే వస్తుంది. రెండోది లామినేటెడ్ అద్దం; రెండు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉన్నది. ఆ పొర అద్దం ఊగడాన్ని మింగేస్తుంది. మూడోది ఎడం. 12 మిల్లీమీటర్లు చాలదు, 100 కావాలి. పాత కిటికీని ఉంచి లోపలివైపు వేరే చట్రం బిగిస్తేనే అంత ఎడం దొరుకుతుంది. స్కాట్లండ్‌లో చలికి ఎక్కువ మార్కులు తెచ్చుకున్న పద్ధతే చప్పుడుకూ గెలుస్తుంది.

మన కిటికీలకు ఇది మరీ వీలు. మనవైపు చాలా ఇళ్లలో కిటికీ చౌకట్టుకు బయటికి తెరుచుకునే అద్దం రెక్కలు, మధ్యలో ఊచలో గ్రిల్లో, లోపలికి తెరుచుకునే దోమల మెష్ రెక్కలు ఉంటాయి. రెండు వరసల రెక్కలకు తావు ముందే కోసి ఉందన్నమాట. రోడ్డువైపు పడకగదిలో ఆ లోపలి మెష్ రెక్కల్లో మెష్ తీసి అయిదు మిల్లీమీటర్ల అద్దం వేయించి, చుట్టూ రబ్బరు పట్టీ అంటించి, బయటి రెక్కల సందులు కూడా మూయిస్తే మూడు నాలుగు అంగుళాల ఎడంతో రెండద్దాల కిటికీ చేతికొస్తుంది. గది దోమతెర కోల్పోతుంది, కాబట్టి ఎప్పుడూ ఏసీ వేసుకునే గదికే ఇది సరి. తక్కిన గదుల్లో చేయకండి, సాయంత్రానికి దోమలే తీర్పు చెప్తాయి.

"పాత రెక్కలోనే డీజీయూ వేసేయొచ్చు కదా?" అని అడుగుతారు. వడ్రంగిని పిలిచి రెక్క అంచు చూపించండి. అద్దం కూర్చునే గాడి లోతు సాధారణంగా పది పన్నెండు మిల్లీమీటర్లు. యూనిట్ మందం 22 నుంచి 24. బరువు కూడా రెట్టింపు. అయిదు మిల్లీమీటర్ల అద్దం చదరపు మీటరు 12.5 కిలోలు తూగుతుంది, రెండైతే 25. ఆ బరువుకు పాత మడతబందులు వాలిపోతాయి, రెక్క కిందికి జారి చౌకట్టుకు రాసుకుంటుంది. గాడిలో సరిపోయేది 6.38 మిల్లీమీటర్ల లామినేటెడ్ అద్దం. చప్పుడు కొంత తగ్గిస్తుంది, పగిలినా ముక్కలు మీద పడవు, పరదాలను వెలిసిపోయేలా చేసే అతినీలలోహిత కిరణాలను దాదాపు పూర్తిగా ఆపుతుంది. పాత మంచి కిటికీకి నేను మొదట చెప్పే సలహా ఇదే.

చట్రం విషయంలోనూ ఒక ప్రచారం ఉంది. చెక్క వేడిని పోనిస్తుంది, యూపీవీసీ ఆపుతుంది అంటారు. టేకూ యూపీవీసీ రెండూ వేడిని పోనిచ్చే గుణంలో ఇంచుమించు ఒకటే. వేడిని ధారాళంగా పోనిచ్చేది అల్యూమినియం, యూపీవీసీ కంటే దాదాపు వెయ్యి రెట్లు. మధ్యలో వేడిని ఆపే ప్లాస్టిక్ పట్టీ లేని చవక అల్యూమినియం సెక్షన్‌లో ఖరీదైన డీజీయూ వేయించడం చిరిగిన సంచిలో నెయ్యి పోయడమే. పాత టేకు చౌకట్టు పుచ్చిపోకుండా ఉంటే దాన్ని పీకించవద్దు. పీకించక తప్పకపోతే ముందు కలప ధర కనుక్కోండి. "పాతది మేమే తీసుకుపోతాం, లేబర్ ఫ్రీ" అనే కాంట్రాక్టరు ఔదార్యం ఎందుకో పాత కలప దుకాణంలో తెలుస్తుంది. ఇనుప జెడ్-సెక్షన్ కిటికీల సంగతి వేరు. తుప్పుకు వంకరపోయిన వాటికి మరమ్మతు చేయించడంకంటే మార్చడమే మేలు.

యూపీవీసీలో నాసిరకం సులువుగా దాక్కుంటుంది. లోపల గాల్వనైజ్డ్ ఉక్కు బద్ద ఉండాలి. అది లేకుండా అమ్మితే పెద్ద రెక్క రెండు వేసవులకు వంగుతుంది. ముదురు రంగు పొర అంటించిన ప్రొఫైల్ పడమటి ఎండకు తెల్లదానికంటే బాగా కాగుతుంది. సముద్రం దగ్గర, విశాఖ బీచ్ రోడ్డులాంటి చోట్ల చట్రానికి ఏమీ కాదు కానీ స్క్రూలు, రోలర్లు, గడియలు ఉప్పుగాలికి పోతాయి. స్టెయిన్‌లెస్ స్టీల్ హార్డ్‌వేర్ అని కొటేషన్‌లో రాయించుకోవాలి. ఆ తీరంలో డబుల్ గ్లేజింగ్‌కు ఒక నిజమైన లాభం ఉంది. ఏసీ వేసిన రాత్రి ఒంటి అద్దం బయటివైపు మంచుపట్టినట్టు నీళ్లు కారి చెక్క తడుస్తుంది. రెండద్దాలైతే బయటి అద్దం అంత చల్లబడదు, ఆ తడి రాదు.

డీజీయూ చచ్చేది అంచుల్లో. చట్రం అడుగున నీళ్లు పోవడానికి రంధ్రాలుంటాయి. అవి దుమ్ముతోనో, తాపీమేస్త్రీ సిమెంటుతోనో మూసుకుపోతే వాననీళ్లు లోపలే నిలుస్తాయి. సీలు రోజుల తరబడి నీళ్లలో నానుతుంది, ఆపైన విడుస్తుంది, పట్టీలోని గుళికలు తేమతో నిండిపోతాయి, రెండద్దాల మధ్య మంచు పట్టి ఏ గుడ్డకూ అందదు. యూనిట్ మొత్తం మార్చడమే దారి. పాత లప్పం అద్దాన్ని వీధి చివరి అద్దాల షాపువాడు ఒక పూటలో మార్చేవాడు. దీనికి కొలతలు పంపి ఫ్యాక్టరీ నుంచి రప్పించాలి. ఇంకొకటి, డీజీయూ వేయించాక ఎండ ఆగడం లేదని దాని మీద నల్ల ఫిల్మ్ అంటించకండి. ఆ పలక అసమానంగా కాగి, ఒక మధ్యాహ్నం తనంతట తానే చిట్లే ప్రమాదం ఉంది.

మరి డబుల్ గ్లేజింగ్ ఎవరికీ వద్దా? కావలసినవాళ్లున్నారు. పగలంతా ఏసీలో నడిచే ఆఫీసు గది, క్లినిక్, ఇంటి నుంచి పనిచేసేవాళ్ల గది. పడమటివైపు గోడంతా అద్దమై, బయట తెర కట్టే వీలు లేని అపార్ట్‌మెంట్. కొత్తగా కట్టుకుంటూ కిటికీలు ఎలాగూ కొనేవాళ్లు. వీళ్లకు పెట్టిన డబ్బుకు ఫలితం ఉంటుంది. కానీ సాదా అద్దాల యూనిట్ వీళ్లకూ దండగే. ఎండను ఆపే పూత ఉండాలి, ఆ పూత బయటి పలక లోపలి ముఖం మీద ఉండాలి. చలిదేశాల్లో తరచు లోపలి పలక మీద వేస్తారు, అక్కడి అవసరం గదిలోని వేడిని బయటికి పోనివ్వకపోవడం. యూనిట్ తిరగేసి బిగించినా చూడటానికి తేడా తెలియదు, పని మాత్రం తగ్గిపోతుంది. వెండి పూత రకాలు గాలి తగిలితే నల్లబడతాయి, కాబట్టి అవి సీలు చేసిన యూనిట్‌లోనే పనికొస్తాయి. ఒంటి అద్దానికి గట్టి పూత రకం అడగాలి. ఎండలో సగం దాకా ఆపే ఒంటి అద్దాలు దొరుకుతాయి. ఏసీ తక్కువ వాడే ఇంటి పడమటి కిటికీకి అది చాలు.

పూత నిజంగా ఉందో లేదో బిగించే రోజునే చూసుకోవచ్చు. చీకట్లో అద్దానికి దగ్గరగా కొవ్వొత్తో లైటరో వెలిగించి ఏటవాలుగా చూడండి. రెండద్దాలకు నాలుగు ముఖాలు కాబట్టి నాలుగు మంటలు కనిపిస్తాయి. ఒకటి రంగు తేడాగా ఉంటే పూత ఉన్నట్టు, బయటినుంచి లోపలికి లెక్కిస్తే అది రెండోది కావాలి. నాలుగూ ఒకే రంగులో ఉంటే మీకు అమ్మింది సాదా అద్దం.

అడ్వాన్సు ఇచ్చే ముందు కొటేషన్ మీద ఈ సంగతులు సిరాతో రాయించుకోండి: ఒక్కో కిటికీకి అద్దం మందం, మధ్య ఎడం, పూత పేరు, ఏ ముఖం మీద, యూ-విలువ, ఎస్‌హెచ్‌జీసీ, ఉక్కు బద్ద మందం, సీలుకు ఎన్నేళ్ల గ్యారంటీ, ఆ గ్యారంటీలో యూనిట్ మార్పు కూలీ కలిసిందా లేదా. అవి రాయనివాళ్లకు పని ఇవ్వకండి. ఆ లోపు పడమటి కిటికీకి బయట ఒక తెర కట్టించి, సందులకు రబ్బరు పట్టీ వేయించి, ఒక వేసవి గడిపి చూడండి. ఇంకా కావాలనిపిస్తే అప్పుడు షాపుకు వెళ్లండి.